గిగాబిట్ నెట్‌కు తగిన ఇంటి ఫైర్‌వాల్

ఇంటికి వచ్చే ప్రతి ప్యాకెట్టూ, ఇంటి నుంచి బయటికి పోయే ప్రతి ప్యాకెట్టూ ఫైర్‌వాల్ చూసి వదిలితేనే కదులుతుంది. కనెక్షన్ 50 ఎంబీపీఎస్ ఉన్నంతకాలం ఆ పని ఎంత చిన్న చిప్పయినా చేసుకుపోతుంది. ప్లాన్ మారి 500 ఎంబీపీఎస్సో, వెయ్యో వచ్చిన రోజున పాత పెట్టె సత్తా ఎంతో తెలిసిపోతుంది. ఫైబర్ గోడదాకా వెయ్యి మోసుకొస్తుంది, లోపల కంప్యూటర్‌కు మూడొందలే అందుతుంది. ఇంట్లోవాళ్ళు కంపెనీకి ఫోన్ చేస్తారు. లైన్‌మన్ వచ్చి తన ల్యాప్‌టాప్‌ను నేరుగా ఫైబర్ చివర ఉండే కంపెనీ పెట్టెకు (ఓఎన్‌టీకి) తగిలించి, పూర్తి వేగం చూపించి వెళ్ళిపోతాడు. లైను బాగానే ఉంది. ఆగిపోతున్నది మధ్యలో ఉన్న పెట్టె దగ్గర.

మన దేశంలో 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం 256 కేబీపీఎస్ వస్తే అది బ్రాడ్‌బ్యాండే. 2023లో ఆ కనీస హద్దు 2 ఎంబీపీఎస్ అయింది. కాగితం మీద హద్దు ఎలా ఉన్నా, అమ్మకంలోని వేగాలు దాన్ని ఎప్పుడో దాటేశాయి. 2017లో ఏసీటీ ఫైబర్‌నెట్ హైదరాబాద్ ఇళ్ళకు ఒక జీబీపీఎస్ ప్లాన్ తెచ్చింది. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ కూడా ఆ వేగం దాకా ప్లాన్లు ప్రకటించింది. ఎప్పుడో కొన్న రూటర్‌తోనో, పాత కంప్యూటర్‌లో అమర్చుకున్న ఫైర్‌వాల్‌తోనో నెట్టుకొస్తున్న ఇళ్ళలో కొత్త పెట్టె ఏది కొనాలన్న ప్రశ్న అక్కడి నుంచే మొదలైంది.

ఫైర్‌వాల్ చేసే మూలమైన పని ఇది. లోపలి ఫోన్ ఒక వెబ్‌సైట్‌ను పిలిస్తే, ఎవరు, ఎవరిని, ఏ పోర్టు నుంచి పిలిచారో ఒక పట్టికలో రాసుకుంటుంది. బయటి నుంచి ప్యాకెట్ వచ్చినప్పుడు ఆ పట్టిక చూస్తుంది. అడిగినదానికి వచ్చిన జవాబైతే లోపలికి పంపుతుంది, ఎవరూ అడగకుండా వచ్చిందైతే పారేస్తుంది. ఇంట్లోని పది పరికరాలనూ ఒకే బయటి చిరునామా వెనక నిలిపే నాట్ పని కూడా దానిదే. ఐపీవీ4లో ఈ నాట్ వల్ల బయటివాళ్ళు లోపలి పరికరాన్ని నేరుగా పిలవలేరు కాబట్టి, నియమాలు సరిగ్గా రాయకపోయినా కొంత రక్షణ దక్కుతుంది. ఐపీవీ6లో ఆ ఆసరా లేదు. ప్రతి ఫోనుకూ, టీవీకీ, సీసీ కెమెరాకూ ఎక్కడి నుంచైనా పిలవగల సొంత చిరునామా వస్తుంది. మన దేశంలో ఐపీవీ6 వాడకం ఎక్కువ. అందుకని కొత్త పెట్టె కొనేటప్పుడు, అడగని రాకను ఆపే నియమం ఐపీవీ6కు కూడా ముందే పెట్టి ఉందా అన్నది చూసి తీరాలి.

వేగం సంగతికి వెళ్ళేముందు భద్రత సంగతి ఒకటి చెప్పుకోవాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ, రూటర్లనూ లక్షల సంఖ్యలో పట్టుకుంది. ఆ అక్టోబరులో డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద వాటితో జరిగిన దాడికి అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటలు ఆగిపోయాయి. 2018 మేలో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల రూటర్లలోకి, స్టోరేజి పెట్టెల్లోకి చేరింది. కాపలా పెట్టెనే శత్రువు ఆక్రమించిన సందర్భాలివి. పాతబడి, కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన పెట్టె ఎంత వేగంగా నడిచినా ఇంటికి పనికిరాదు. ఎన్నేళ్ళ పాటు అప్‌డేట్లు వస్తాయన్నది కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న. వేగం ఆ తర్వాతే.

ఇక వేగం. ఫైర్‌వాల్ శ్రమను కొలవాలంటే ఎంబీపీఎస్ కన్నా సెకనుకు ఎన్ని ప్యాకెట్లు అన్న లెక్కే సరైనది. టోల్‌గేటు దగ్గర పనిభారం బండ్ల సంఖ్యను బట్టి ఉంటుంది, ఒక్కో బండిలో ఎంత సరుకుందన్నదాన్ని బట్టి కాదు. ప్యాకెట్ పెద్దదైనా చిన్నదైనా దాని తలకట్టు చదవడం, పట్టికలో వెతకడం, చిరునామా మార్చడం ఒకే పని. గిగాబిట్ ఈథర్నెట్ మీద నిండు సైజు ప్యాకెట్లు వెళ్తే సెకనుకు సుమారు 81 వేలు పడతాయి. అదే తీగ మీద అతి చిన్న, 64 బైట్ల ప్యాకెట్లు నింపితే సెకనుకు 14 లక్షల 88 వేలు. మొదటి సందర్భంలో ఒక్కో ప్యాకెట్‌కు 12 మైక్రోసెకన్ల వ్యవధి ఉంటుంది, రెండో సందర్భంలో ఒక మైక్రోసెకను కూడా ఉండదు. సినిమా చూడడం, ఫైలు దించుకోవడం వంటి వాటిలో ఎక్కువ భాగం పెద్ద ప్యాకెట్లే. ఆన్‌లైన్ ఆటలు, ఫోన్ కాల్స్, డీఎన్ఎస్ ప్రశ్నలు చిన్నవి. ఇంటి వాడకం ఈ రెంటికీ నడుమ, పెద్దవాటి వైపు మొగ్గి ఉంటుంది. పెట్టె అట్ట మీద అచ్చువేసిన అంకె మాత్రం దాదాపు ఎప్పుడూ నిండు సైజు ప్యాకెట్లతో, అనుకూలమైన పరిస్థితిలో కొలిచినదే.

ఇక్కడే మరో చిన్న విషయం. గిగాబిట్ పోర్టు మీద స్పీడ్ టెస్ట్ ఎప్పుడూ వెయ్యి చూపించదు. ప్యాకెట్ల తలకట్లూ, వాటి మధ్య ఖాళీలూ పోగా మిగిలేది 940 ఎంబీపీఎస్ దరిదాపు. 940 కనిపిస్తే ఆ పెట్టె తన పని పూర్తిగా చేస్తోందనే అర్థం. మిగిలిన అరవై కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు.

మామూలు ఇంటి రూటర్లు చిన్న ప్రాసెసర్‌తోనే గిగాబిట్ ఎలా ఇస్తున్నాయన్న సందేహం రావచ్చు. వాటిలో నాట్ పనికోసమే ప్రత్యేకమైన సర్క్యూట్ ఉంటుంది. ఒక కనెక్షన్‌లో మొదటి ప్యాకెట్లను ప్రాసెసర్ చూసి నిర్ణయిస్తే, తర్వాతి వాటిని ఆ సర్క్యూట్ ప్రాసెసర్‌ను కదపకుండానే దాటించేస్తుంది. దీన్ని హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ అంటారు. మంచి ఏర్పాటే, అయితే షరతు ఉంది. ప్రతి ప్యాకెట్‌నూ వరసలో నిలబెట్టే క్యూఓఎస్‌నో, లోపల ఏముందో చూసే తనిఖీనో ఆన్ చేస్తే ఆ దగ్గరిదారి మూసుకుపోతుంది. భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. యుబిక్విటీ ఎడ్జ్‌రూటర్ ఎక్స్ ఇందుకు మంచి ఉదాహరణ. 880 మెగాహెర్ట్జ్, రెండు కోర్ల మీడియాటెక్ చిప్‌తో, చవక ధరకు దొరికి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న పెట్టె అది. ఆఫ్‌లోడ్ ఆన్‌లో ఉంటే గిగాబిట్ దరిదాపుకు వెళ్తుంది. వరస పద్ధతి పెడితే 200 ఎంబీపీఎస్ దాటడమే దానికి కష్టం. ఒకే పెట్టె, రెండు వేగాలు. ఏ వేగం దక్కుతుందన్నది యజమాని ఏ మీట నొక్కాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

పెద్ద కంపెనీల పెట్టెల్లోనూ ఇదే తీరు. మెచ్చుకోవలసిన సంగతేమంటే, వాళ్ళు ఆ తేడాను దాచకుండా పట్టికలో అచ్చువేస్తారు. ఫోర్టినెట్ కంపెనీ చిన్న ఆఫీసులకు అమ్మే ఫోర్టిగేట్ 40ఎఫ్ వివరాల పత్రంలో ఫైర్‌వాల్ వేగం 5 జీబీపీఎస్ అని ఉంటుంది. చొరబాటు తనిఖీ ఆన్ చేస్తే ఒక జీబీపీఎస్. అప్లికేషన్ల గుర్తింపు కూడా కలిపితే 800 ఎంబీపీఎస్. మాల్‌వేర్ రక్షణ సహా అన్నీ పెడితే 600. మొదటి అంకెకూ చివరి అంకెకూ ఎనిమిది రెట్ల పైన తేడా. ఏ పత్రం చదివినా ఆ వరసలోని చివరి అంకెను పట్టుకోవాలి. అన్నీ ఆన్ చేసుకోవాలనుకునే ఇంటికి దక్కేది అదే. ఇలాంటి పెట్టెలకు ఏటేటా చందా కట్టాలన్నదీ గుర్తుంచుకోవలసిన ఖర్చు. చందా ఆగితే బెదిరింపుల జాబితాలు పాతబడతాయి, కొన్న ధర సగం వృథా అయినట్టే. ఇంటికోసం ఈ దారి సిఫారసు చేయదగింది కాదు.

ఇళ్ళలో ఎక్కువగా నిలిచినది మరో దారి, చిన్న కంప్యూటర్‌లో ఉచిత ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం. స్విట్జర్లాండ్‌కు చెందిన మాన్యుయెల్ కాస్పర్ 2003లో ఎం0ఎన్0వాల్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేశాడు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, చిన్న బోర్డుల మీద నడిచేలా రాసినది. 2004లో దాని నుంచి పీఎఫ్‌సెన్స్ చీలింది. 2015 జనవరిలో పీఎఫ్‌సెన్స్ నుంచి ఓపీఎన్‌సెన్స్ చీలింది. మరుసటి నెలలోనే కాస్పర్ తన పాత సాఫ్ట్‌వేర్‌కు ముగింపు పలికి, వాడేవాళ్ళను ఓపీఎన్‌సెన్స్ వైపు చూడమన్నాడు. వీటికి సమాంతరంగా లైనక్స్ మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పెరిగింది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్ కోడ్ బహిరంగం కావడంతో పుట్టిన ప్రాజెక్టు అది. ఇప్పుడు నడుస్తున్న ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ ఉచితం, అప్‌డేట్లు క్రమంగా వస్తాయి. పెట్టె తయారుచేసిన కంపెనీ చేతులెత్తేసినా సాఫ్ట్‌వేర్ బతికే ఉంటుందన్నది వీటి అన్నిటికన్నా పెద్ద బలం.

ఈ సాఫ్ట్‌వేర్ల కింద మారుతూ వచ్చిన బోర్డులు చూస్తే ఇళ్ళ వేగాల చరిత్ర తెలుస్తుంది. పీసీ ఇంజిన్స్ అనే స్విస్ కంపెనీ తయారుచేసిన ఆలిక్స్ బోర్డులో 500 మెగాహెర్ట్జ్ ఏఎండీ జియోడ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమరీ, వంద ఎంబీపీఎస్ పోర్టులు ఉండేవి. ఫైర్‌వాల్‌గా అది సుమారు 85 ఎంబీపీఎస్ మోసేది. డీఎస్‌ఎల్ కాలానికి అది ఎక్కువే. తర్వాత అదే కంపెనీ ఏపీయూ2 తెచ్చింది. ఒక గిగాహెర్ట్జ్, నాలుగు కోర్లు, ఇంటెల్ గిగాబిట్ పోర్టులు, ఫ్యాన్ లేని అల్యూమినియం డబ్బా. ఏళ్ళ తరబడి అది ఇంటి ఫైర్‌వాల్‌కు ప్రమాణంగా నిలిచింది. అయితే ఒక్కో కోరు నెమ్మది కావడంతో, లైనక్స్ మీద గిగాబిట్ అందుకోగలిగినా, పీఎఫ్‌సెన్స్ మీద ఒకే డౌన్‌లోడ్‌కు ఆ వేగం అందేది కాదు. 2023లో పీసీ ఇంజిన్స్ ఈ వ్యాపారానికి ముగింపు ప్రకటించింది. ఇప్పుడు ఆ చోటును ఇంటెల్ ఎన్100 చిప్‌తో వచ్చే చిన్న కంప్యూటర్లు ఆక్రమించాయి. నాలుగు కోర్లు, అవసరమైనప్పుడు 3.4 గిగాహెర్ట్జ్ దాకా వేగం, 6 వాట్ల రేటింగు. దానికన్నా ముందు తరానికి చెందిన సెలెరాన్ ఎన్5105 కూడా గిగాబిట్‌కు సరిపోతుంది.

ఒక్కో కోరు వేగం ఎందుకింత ముఖ్యం? ఇందుకు జవాబు మన దేశపు ఇళ్ళకు నేరుగా సంబంధించినది. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌తో సహా ఎన్నో కనెక్షన్లు పీపీపీఓఈ పద్ధతిలో వస్తాయి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి డయల్ చేయించే కనెక్షన్ ఏదైనా దాదాపు ఇదే. 1999లో డీఎస్‌ఎల్ కోసం రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో ప్రతి ప్యాకెట్‌కూ 8 బైట్ల అదనపు తొడుగు వేస్తారు. అందువల్ల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 1500 నుంచి 1492కు తగ్గుతుంది. ఈ తగ్గుదలను సరిగ్గా సెట్ చేయకపోతే కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకుంటూ, కొన్ని తెరుచుకోకుండా ఇబ్బంది పెడతాయి. గిగాబిట్ దగ్గర మరో చిక్కు వస్తుంది. మంచి నెట్‌వర్క్ కార్డు వచ్చే ప్యాకెట్లను వాటి చిరునామాలను బట్టి విడదీసి నాలుగు కోర్లకూ పంచుతుంది. పీపీపీఓఈ తొడుగు ఉంటే లోపలి చిరునామా కార్డుకు కనిపించదు. ప్యాకెట్లన్నీ ఒకే వరసలో, ఒకే కోరు మీద పడతాయి. మిగిలిన మూడు కోర్లు ఖాళీగా ఉంటాయి.

ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ వాడేవాళ్ళను ఏళ్ళ తరబడి వేధించినది ఈ సమస్యే. ఏపీయూ2 లాంటి నెమ్మది కోర్ల పెట్టె మీద గిగాబిట్ పీపీపీఓఈ కనెక్షన్ సగం వేగం దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే. 2025లో వచ్చిన పీఎఫ్‌సెన్స్ 2.8 వెర్షన్‌లో పీపీపీఓఈ పనిని కెర్నెల్ లోపలే చేసే కొత్త డ్రైవర్ చేర్చడంతో ఆ బాధ చాలావరకు తగ్గింది. లైనక్స్‌లోనైతే, కార్డు పంచలేకపోయినా కెర్నెలే తొడుగు లోపలికి చూసి ప్యాకెట్లను కోర్లకు పంచగలదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో అందుకు ప్యాకెట్ స్టీరింగ్ అనే మీట ఉంది. కాబట్టి పీపీపీఓఈ ఇంటికి ఎనిమిది నెమ్మది కోర్ల పెట్టె కన్నా నాలుగు చురుకైన కోర్ల పెట్టె మేలు. కొనేముందు తన కనెక్షన్ ఏ పద్ధతిలో వస్తోందో కంపెనీని అడగాలి. యూజర్‌నేమ్ అక్కరలేకుండా తగిలించగానే చిరునామా వచ్చే కనెక్షన్ అయితే ఈ బాధ లేదు.

పోర్టుల విషయంలో పేరు చూసి కొనడం సమంజసం. ఫ్రీబీఎస్‌డీ మీద ఇంటెల్ కార్డులకున్న నమ్మకం రియల్‌టెక్ కార్డులకు లేదు. భారం పెరిగినప్పుడు లింకు పడిపోవడం వంటి ఫిర్యాదులు వాటి మీద ఎప్పటి నుంచో ఉన్నాయి. లైనక్స్‌లో రియల్‌టెక్ పరిస్థితి మెరుగు. ఇంటెల్‌లోనూ ఒక జాగ్రత్త ఉంది. 2.5 గిగాబిట్ కార్డుల్లో ఐ225-వీ మొదటి తయారీలకు లోపాలుండేవి, ప్యాకెట్లు పోయేవి. తర్వాత వచ్చిన ఐ226-వీ ఉన్న పెట్టె తీసుకోవడం మంచిది. 2.5 గిగాబిట్ ప్రమాణం 2016లో వచ్చింది, మామూలు క్యాట్5ఈ తీగ మీదే పనిచేస్తుంది. కొత్తగా కొనేటప్పుడు గిగాబిట్ పోర్టుల పెట్టె తీసుకోవడానికి ఇప్పుడు కారణమేమీ లేదు. 10 గిగాబిట్ రాగి పోర్టులు మాత్రం బాగా వేడెక్కుతాయి. లైను అంత వేగం ఇవ్వనప్పుడు వాటి జోలికి పోనక్కరలేదు.

తీగల సంగతి ఈ చర్చలో తరచుగా మరుగున పడుతుంది. వంద ఎంబీపీఎస్ ఈథర్నెట్‌కు కేబుల్‌లోని ఎనిమిది పోగుల్లో నాలుగు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ గోడలో వేసిన కేబుల్‌లో నాలుగే కలిపి, మిగతా నాలుగు టెలిఫోన్‌కో కెమెరాకో వాడిన ఇళ్ళు ఎన్నో. అలాంటి చోట ఎంత ఖరీదైన ఫైర్‌వాల్ పెట్టినా పోర్టు వంద దగ్గరే కలుస్తుంది. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవకగా అమ్ముతారు. దూరం పెరిగితే అదీ ఇబ్బందే. స్పీడ్ టెస్ట్ కచ్చితంగా 94, 95 దగ్గర ఆగుతుంటే ముందు చూడవలసింది తీగనూ, కనెక్టర్‌నూ. అది వంద ఎంబీపీఎస్ లింకు గుర్తు.

చొరబాట్లను పసిగట్టే ఐడీఎస్ అన్నిటికన్నా ఎక్కువ ప్రాసెసర్ తినే పని. ప్రతి ప్యాకెట్ లోపలి భాగాన్ని వేల నియమాలతో పోల్చి చూడాలి మరి. 1998లో వచ్చిన స్నార్ట్, ఆ తర్వాత పలు కోర్లను వాడుకునేలా రాసిన సురికాటా ఈ రంగంలో పేరున్నవి. ఎన్100 తరగతి పెట్టె మీద నియమాల జాబితాను పొదుపుగా ఎంచుకుంటే గిగాబిట్ దరిదాపుకు రావచ్చు, అన్నీ ఆన్ చేస్తే వేగం పడిపోతుంది. ఇంటికి ఇది అవసరమా అన్నదే అసలు ప్రశ్న. నేటి వెబ్ రాకపోకల్లో అత్యధిక భాగం హెచ్‌టీటీపీఎస్‌తో మూసివేసి ఉంటుంది. తనిఖీకి కనిపించేది బయటి చిరునామాలే, లోపలి సరుకు కాదు. తెరిచి చూడాలంటే ఇంట్లోని ప్రతి ఫోన్‌లో, టీవీలో సొంత సర్టిఫికెట్ పెట్టాలి. బ్యాంకు యాప్‌లు చాలావరకు దాన్ని ఒప్పుకోవు. ఇంత శ్రమకు దక్కే రక్షణ స్వల్పం. చెడ్డ డొమైన్లను డీఎన్ఎస్ దగ్గరే అడ్డుకోవడం, కెమెరాలనూ టీవీలనూ వేరే నెట్‌వర్క్‌లో పెట్టడం దానికన్నా ఎన్నో రెట్లు మేలు. ఆ రెండూ ప్రాసెసర్‌కు భారమే కావు.

క్యూఓఎస్ సంగతి వేరు. ఒకరు పెద్ద ఫైలు పంపుతున్నప్పుడు ఇంకొకరి వీడియో కాల్ తడబడడం అందరికీ అనుభవమే. మోడెంలోనూ రూటర్‌లోనూ ప్యాకెట్లు పొడుగాటి వరసల్లో పేరుకుపోవడం ఇందుకు కారణం. జిమ్ గెటీస్ 2010 ప్రాంతంలో దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి ప్రచారం చేశాడు. 2012లో క్యాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్‌సన్ కలిసి కోడెల్ పద్ధతి ప్రకటించారు. దాని నుంచి ఎఫ్‌క్యూ-కోడెల్, తర్వాత కేక్ వచ్చాయి. 50, 100 ఎంబీపీఎస్ లైన్ల మీద ఇవి చేసే మేలు అంతా ఇంతా కాదు. ప్లాన్ పెంచకుండానే కాల్స్ బాగుపడతాయి. వేగం కోసం ప్లాన్ మార్చాలనుకునే ఇంటివాళ్ళు ముందు ఇది పెట్టి చూడాలి. రెండు వైపులా గిగాబిట్ ఉన్న లైను ఇంట్లో నిండడం అరుదు కాబట్టి అక్కడ దీని అవసరం తక్కువ. పెట్టుకోదలిస్తే మాత్రం బలమైన ప్రాసెసర్ కావాలి, ఆఫ్‌లోడ్ పనిచేయదు కాబట్టి.

ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల ఇంటి కెమెరాను డల్లాస్ నుంచో దుబాయ్ నుంచో చూడాలనుకునే పిల్లలు చాలామంది. అందుకు కెమెరా పోర్టును బయటికి తెరవడం ప్రమాదం. వీపీఎన్ పెట్టడమే సరైన పద్ధతి. 2020 మార్చిలో లైనక్స్ కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్ తేలికైనది, వేగమైనది. పాత ఓపెన్‌వీపీఎన్ ఒకే కోరు మీద నడిచేది కాబట్టి చిన్న పెట్టెల మీద నెమ్మది. ఒక అడ్డంకి ఉంది. చాలా కంపెనీలు వందలాది ఇళ్ళను ఒకే ఐపీవీ4 చిరునామా వెనక పెట్టే సీజీనాట్ వాడతాయి. ఫైర్‌వాల్ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అది సీజీనాట్ గుర్తు. అప్పుడు బయటి నుంచి ఐపీవీ4లో ఇంటికి చేరడం కుదరదు. ఐపీవీ6 ద్వారా రావాలి, లేదా కంపెనీని అడిగి స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి.

మెమరీ గురించి ఆందోళన అనవసరం. పట్టికలో ఒక్కో కనెక్షన్‌కు దాదాపు ఒక కిలోబైటు పడుతుంది. లక్ష కనెక్షన్లయినా వంద మెగాబైట్లే. 4 జీబీ ధారాళం, ఐడీఎస్ పెడితే 8.

కరెంటు, వేడి మాత్రం మన ప్రాంతంలో పట్టించుకోవలసినవి. పాత డెస్క్‌టాప్‌ను ఫైర్‌వాల్‌గా వాడితే ఖర్చు లేదనుకుంటారు. అది 50 వాట్లు తీసుకుంటే ఏడాదికి సుమారు 440 యూనిట్లు. 10 వాట్ల చిన్న పెట్టెకు 88 యూనిట్లే. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే ఏడాదికి రెండు వేల రూపాయల పైనే తేడా. కొన్నేళ్ళలో కొత్త పెట్టె ధరలో మంచి భాగం తిరిగి వస్తుంది. ఫ్యాన్ లేని పెట్టెలు తమ లోహపు ఒంటి ద్వారానే వేడిని వదులుతాయి. విజయవాడ, రామగుండం ఎండాకాలంలో, టీవీ కింది మూసిన అరలో పెడితే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గాలి ఆడే చోట, గోడకు తగిలించడం మేలు. కరెంటు పోతూ వస్తూ ఉండే ఊళ్ళలో 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి ఓఎన్‌టీకీ ఫైర్‌వాల్‌కూ కలిపి పెట్టుకోవచ్చు. రెంటి అడాప్టర్ల వోల్టేజీ, ఆంపియర్లు సరిపోతాయో చూసుకోవాలి. పీఎఫ్‌సెన్స్‌నో ఓపీఎన్‌సెన్స్‌నో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ ఎంచుకుంటే, హఠాత్తుగా కరెంటు పోయినా డిస్కు పాడయ్యే అవకాశం తక్కువ.

కొత్త పెట్టె వచ్చాక కంపెనీ ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని అడగాలి. లేకపోతే రెండు పెట్టెలూ నాట్ చేస్తూ ఉంటాయి. గేమింగ్, వీపీఎన్ ఇబ్బంది పడతాయి, పైగా కంపెనీ పెట్టె బలహీనత అలాగే ఉండిపోతుంది. కొన్ని కంపెనీలు బ్రిడ్జ్ మోడ్ ఇవ్వవు. ప్లాన్ తీసుకునే ముందే ఆ సంగతి తేల్చుకోవాలి. వైఫైని ఫైర్‌వాల్‌లో వెతకనక్కరలేదు. హాల్లో సీలింగుకు ఒక యాక్సెస్ పాయింట్ వేరుగా పెడితే రెండూ బాగా పనిచేస్తాయి, ఒకటి పాతబడినప్పుడు రెండోదాన్ని మార్చనక్కరలేదు. పేరులేని మినీ పీసీ కొన్నవాళ్ళు దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను అలాగే వాడకూడదు. డిస్కు తుడిచేసి, అసలు ప్రాజెక్టు సైటు నుంచి దించుకున్న ఫైలుతో కొత్తగా వేసుకోవాలి.

ఇన్ని లెక్కల మీద ఎంపిక ఇలా తేలుతుంది. 300 ఎంబీపీఎస్ లోపు ఇంటికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నడిచే, ఇటీవలి నాలుగు కోర్ల చిప్ ఉన్న మంచి రూటర్ చాలు. క్యూఓఎస్‌ను కూడా అది మోస్తుంది, వేరే ఫైర్‌వాల్ కొనడం దండగ. 500 నుంచి గిగాబిట్ దాకా ఎన్100 తరగతి పెట్టె, ఐ226-వీ పోర్టులు, 8 జీబీ మెమరీ సరిపోతాయి; పీపీపీఓఈ కనెక్షన్‌కైనా, వైర్‌గార్డ్‌కైనా అందులో ఇంకా మిగులు ఉంటుంది. గిగాబిట్ దాటిన ప్లాన్లకు, పూర్తి ఐడీఎస్ కోరేవాళ్ళకు ఇంకా పెద్ద ప్రాసెసర్ కావాలి, అలాంటి ఇళ్ళు కొద్ది. కొన్న వెంటనే ఒక కంప్యూటర్‌ను ఫైర్‌వాల్ లోపలి వైపు, మరొకదాన్ని బయటి వైపు పెట్టి, ఐపెర్ఫ్3 అనే సాధనంతో వాటి మధ్య వేగం కొలవాలి. లైను వేగంతో సంబంధం లేకుండా పెట్టె సొంత సత్తా తెలుస్తుంది. తర్వాత పీపీపీఓఈ కలిపి, కావలసినవన్నీ ఆన్ చేసి స్పీడ్ టెస్ట్ నడుపుతూ ఒక్కో కోరు ఎంత పనిచేస్తోందో చూడాలి. మొత్తం ప్రాసెసర్ 25 శాతమే చూపిస్తున్నా ఒక కోరు నూరు శాతం దగ్గర ఉంటే ఆ పెట్టె హద్దు అక్కడే. దుకాణం వెనక్కి తీసుకునే గడువు ముగియకముందే ఈ పరీక్ష చేసుకోవాలి.